కాంటా ఆగింది, కిలోమీటర్లు ఆగలేదు

రజబ్ నెల మొదటి వారం. మెహదీపట్నంలో ఒక దావత్ ముగించుకుని ఇషా తర్వాత ఇంటికొస్తున్నాం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కిన రెండు నిమిషాలకు మీటర్ కాంటా అరవై దగ్గర గజగజ వణికింది. వణికి, సున్నా మీద పడిపోయింది. బండి మాత్రం పోతూనే ఉంది. పక్క సీట్లో ఉన్న మా బేగం తొంగిచూసి, "అజీ, నడుస్తున్నామా, నిలబడ్డామా?" అంది. ఆరాంఘర్ దగ్గర కిందికి దిగాక ఒక గుంతలో చక్రం పడింది. కాంటా ఠక్కున లేచి నలభై చూపించి మళ్ళీ పడుకుంది. అసలు జవాబు ఆ గుంతే చెప్పేసింది. అది నా బుర్రకెక్కడానికి ఐదు నెలలు పట్టింది.

ఆ ఐదు నెలలూ నేను ఎవరికి చెప్పుకున్నా ఒకటే మాట. "కైకు పరేషాన్ హోతే మియా, బండీ చల్‌రీ నా?" బండి నడుస్తోంది కదా, ఇంకేం కావాలి? ఒక దోస్తయితే ముబారక్‌బాద్ కూడా చెప్పాడు. మీటర్ ఆగిపోతే కిలోమీటర్లు పెరగవు, అమ్మేటప్పుడు ఫాయిదా అన్నాడు. నేను కూడా నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వినందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

మన ఓల్డ్ సిటీలో స్పీడోమీటర్ ముల్లుని 'కాంటా' అంటాం. సామాన్లు తూచే త్రాసుని కూడా కాంటా అనే అంటాం. తెలుగులో 'కాటా' అంటారే, అదే. మా అబ్బా మిర్యాలగూడలో బియ్యం దుకాణం నడిపేవారు. పొద్దున షట్టర్ ఎత్తగానే ఆయన చేసే మొదటి పని ఖాళీ కాటా పళ్ళాలు తుడిచి, ముల్లు మధ్యలో నిలబడిందా లేదా చూడడం. తూకం రాళ్ళ మీద తూనికలు కొలతల శాఖ వాళ్ళ ముద్ర ఉండేది. ముద్ర లేని రాయి దుకాణంలో కనబడితే జుర్మానా. మన గల్లీలో తిరిగే ఆటో మీటర్‌కు కూడా సీలు వేస్తారు. కానీ లక్ష, రెండు లక్షలు పోసి కొనే పాత కారులో, దాని ఖీమత్‌ను సగం నిర్ణయించే ఆ కిలోమీటర్ల అంకెకు ఏ ముద్రా లేదు, ఏ సీలూ లేదు. అమ్మేవాడి జబాన్ ఒక్కటే ఉంది.

మీటర్ ఎట్లా పనిచేస్తుందో కొంచెం చెప్తాను. తెలిస్తే మిస్త్రీ ముందు బేవకూఫ్ కాకుండా ఉంటాం.

మా అబ్బా దగ్గర పాత మారుతి 800 ఉండేది. ఆ కాలం బండ్లలో గేర్‌బాక్స్ నుంచి డ్యాష్‌బోర్డ్ దాకా ఒక కేబుల్ వచ్చేది. బయట నల్లటి గొట్టం, లోపల తిరిగే ఉక్కు తీగ. చక్రం తిరిగితే తీగ తిరుగుతుంది, తీగ తిరిగితే మీటర్ వెనక చిన్న అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని తాకకుండా ఒక అల్యూమినియం గిన్నె కప్పి ఉంటుంది, దానికే కాంటా బిగించి ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నె కూడా దానివెంట పోవాలని చూస్తుంది. సన్నటి స్ప్రింగ్ ఒకటి వెనక్కి లాగుతుంది. ఆ రెండింటి గుంజులాటలో కాంటా ఎక్కడ నిలబడితే అదే మన స్పీడ్. ఈ ఉపాయానికి 1902లో బెర్లిన్‌లో ఆటో షుల్జె అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. నూరేళ్ళకు పైగా నడిచిన హిక్మత్ అది. ఆ కేబుల్ చచ్చిపోయే ముందు ఖబర్ ఇచ్చేది. కాంటా ఊగేది, డ్యాష్‌బోర్డ్ లోపల పిచ్చుక అరిచినట్టు కిచకిచ మనేది. అబ్బా అప్పుడే కేబుల్ ఊడదీసి కొద్దిగా గ్రీజు రాసేవారు. లేకుంటే ఒకరోజు పుటుక్కున తెగేది, కొత్తది వేసుకుంటే పని అయిపోయేది. దాంట్లో దాపరికం లేదు. తెగిందో లేదో కంటికి కనబడుతుంది.

తర్వాత వచ్చిన బండ్లలో కేబుల్ పోయింది, గేర్‌బాక్స్ మీద ఒక సెన్సర్ వచ్చింది. నా బండి 2009 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు ఎందుకు లెండి, తప్పు కంపెనీది కాదు. దీంట్లో సెన్సర్ అడుగున ఒక ప్లాస్టిక్ పళ్ళచక్రం ఉంటుంది. గేర్‌బాక్స్ దాన్ని తిప్పుతుంది. అది తిరిగినప్పుడల్లా సెన్సర్ కరెంటును ఆపుతూ వదులుతూ ఉంటుంది, తస్బీ గింజలు ఒక్కొక్కటే జారినట్టు. ఆ గింజల్ని లెక్కపెట్టే మీటర్ స్పీడ్ చూపిస్తుంది, కిలోమీటర్లు కూడుతుంది. జపాన్, కొరియా బండ్లలో చాలా వాటికి ఒక లెక్క ఉంది. అరవై స్పీడ్‌లో నిమిషానికి 637 చుట్లు, చుట్టుకు 4 గింజలు. అంటే కిలోమీటర్‌కు 2,548. ఇంజన్ కంప్యూటర్ కూడా ఇవే గింజల్ని వింటుంది. బండి ఆగుతోందా, దొర్లుతోందా అని దానికి తెలిసేది ఇక్కడి నుంచే.

అందుకే కాంటా ఒక్కటే పోదు. నాకు వారం లోపలే ఇంకో తక్లీఫ్ మొదలైంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి దొర్లుకుంటూ వచ్చి ఆగితే ఇంజన్ కూడా ఆగిపోయేది. ఫలక్‌నుమా దగ్గర నడిరోడ్డు మీద రెండుసార్లు ఆగింది, వెనక ఉన్నవాళ్ళ దువాలన్నీ నాకే. డ్యాష్‌బోర్డ్‌లో ఇంజన్ బొమ్మ దీపం వెలిగింది. చూపిస్తే ఒక మిస్త్రీ ఆ దీపం మీద నల్ల టేప్ అంటించాడు. "అబ్ నహీ దిఖ్తా" అన్నాడు, ఇలాజ్ చేసినట్టే. మధ్యలో ఒక స్పీడ్ చలాన్ కూడా వచ్చింది. కాంటా చూపించనప్పుడు చెవితో, అందాజాతో నడుపుతాం. ఖాళీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ అందాజా ఎంత తప్పో ఆ చలాన్ ఫోటో చూశాక తెలిసింది. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో స్పీడోమీటర్ తప్పకుండా ఉండాలని ఊరికే రాయలేదు.

ఇక నేను చేసిన హిమాకత్ సంగతి. నెట్‌లో చూసి, 'స్పీడ్ సెన్సర్ పోయింది' అని నాకు నేనే ఫత్వా ఇచ్చుకున్నాను. రాణీగంజ్ పోయి 950 రూపాయలకు కొత్త సెన్సర్ తెచ్చి వేయించాను. కాంటా లేవలేదు. సెన్సర్ పెట్టిన మిస్త్రీ తల గోక్కుని, "తో ఫిర్ మీటరిచ్ గయా" అన్నాడు. అయితే మీటరే పోయిందన్న మాట. కొత్త మీటర్ బోర్డు దొరకదు, దొరికినా పది వేల పైనే. స్క్రాప్ అయిన బండి నుంచి ఊడదీసిన బోర్డు ఒకటి ఉంది, రెండు వేలకు ఇప్పిస్తానన్నాడు. ఇప్పించడానికి ముందు ఫోన్‌లో దాని ఫోటో చూపించాడు. అంకె మీద వేలు పెట్టి చూపించాడు. 41 వేల చిల్లర.

నా బండి తిరిగింది 1,12,640. అక్కడే ఆగి ఉంది.

"ఏక్ తీర్, దో షికార్" అన్నాడు మిస్త్రీ. మీటర్ బాగవుతుంది, బండి జవాన్ అవుతుంది. ఎందుకంటే కిలోమీటర్లు బండిలో ఉండవు, ఆ బోర్డులో ఉన్న చిన్న చిప్‌లో ఉంటాయి. బోర్డు మారితే హిసాబ్ మారిపోతుంది. ఇందులో లాప్‌టాప్ పట్టుకుని అంకెలు దిద్దే పని కూడా లేదు. మరమ్మత్తు చేయించాను అని ప్రమాణం చేసి చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. షైతాన్ ఎంత సాఫ్‌గా పని చేస్తాడో చూడండి.

ఆ రోజుల్లోనే నేను బండి అమ్మే ఫికర్‌లో ఉన్నాను. 15 ఏళ్ళు నిండాక ఆర్‌సీ ఇంకో ఐదేళ్ళకు రెన్యూ చేయించాను, బండి బాగుంది, కానీ నాకు నడిపే ఓపిక తగ్గింది. దల్లాల్ ఒకడొచ్చి చూశాడు. ఉన్నదున్నట్టు అమ్మితే లక్షా పది. ఆ 41 వేల బోర్డు పెడితే లక్షా ముప్పై ఐదు. తేడా పాతిక వేలు. మా చిన్నమ్మాయి డిగ్రీ రెండో ఏడు ఫీజు కూడా అటూ ఇటూగా అంతే. మా బేగం రోజూ తహజ్జుద్‌కు లేచే మనిషి. ఆమె కూడా ఆ రాత్రి, "అందరూ చేస్తున్నదే కదండీ. మనం కొన్నప్పుడు మనకెవరు నిజం చెప్పారు?" అంది. ఆమెను తప్పుపట్టడం లేదు. ఫీజు కట్టే తారీఖు గోడ మీద క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి ఉంది. నాకూ నోట్లో జవాబు లేదు. ఆమె అన్నది నిజం. మేము కొన్నప్పుడు మీటర్‌లో 30 వేలున్నాయి. బ్రేక్ పెడల్ మీద రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయి ఉంది. అది నేను చూసి కూడా చూడలేదు, రంగు నచ్చింది కాబట్టి.

కొనడానికి వచ్చినవాడు మా గల్లీ అబ్బాయే. లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పని చేస్తాడు. నన్ను చాచా అంటాడు. చిట్టీ ఎత్తుకుని, దాని మీద కొంత కలుపుకుని వచ్చాడు. వాళ్ళ అమ్మీకి మోకాళ్ళు పనిచేయవు, ఆటో ఎక్కలేదు. అతనికి బండి గురించి ఏమీ తెలియదు. "చాచా, మీరు చెప్తే చాలు" అన్నాడు. ఇట్లాంటి గాహక్ దొరకడం దల్లాల్ దృష్టిలో నసీబ్. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చాలామంది దీన్ని పైసల మోసం అనుకుంటారు, పాతిక వేల దగ్గర ఆపేస్తారు. అసలు ఖత్రా వేరే ఉంది. నా బండి ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ ఉంది. రబ్బరు బెల్టు. ఇంజన్ పైన వాల్వులు, కింద పిస్టన్లు ఒక తాళంలో ఆడేటట్టు చూసేది అదే. నేను దాన్ని 58 వేల దగ్గర మార్పించాను. మళ్ళీ మార్చాల్సిన సమయం దగ్గరికొచ్చింది. బండిలో 41 వేలు అని చూసిన మనిషి ఏమనుకుంటాడు? ఇంకా టైముంది అనుకుంటాడు. ఒకరోజు నడుస్తుండగా ఆ బెల్టు తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్ళి వాల్వులను కొడతాయి, వాల్వులు వంగిపోతాయి. ఇంజన్ విప్పాల్సిందే. చిట్టీ పైసలతో బండి కొన్నవాడు ఆ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాడు? గేర్ ఆయిల్, కూలెంట్, ప్లగ్గులు, అన్నిటి వాయిదాలూ ఆ ఒక్క అంకె మీదే నడుస్తాయి. అంకె మారిస్తే బండి మొత్తం హిసాబ్ తప్పుతుంది. డాక్టర్‌కు చూపించే మనిషి వయసు డెబ్బై అయితే నలభై అని రాయించినట్టు.

మదీనా బజార్‌లో ధాన్యం కుప్ప హదీస్ మనందరికీ తెలుసు. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న కుప్పలో ప్రవక్త (స) చెయ్యి పెట్టి చూసిన సంగతి. ఆ వ్యాపారి వాన పడిందన్నాడు. తడిసిన గింజలు అందరికీ కనబడేటట్టు పైన ఎందుకు పెట్టలేదు అన్నది అక్కడి సవాల్. గమనించండి, ఆ గింజల్ని అమ్మొద్దని కాదు. పైన పెట్టి అమ్మమని. మన జుమా బయానుల్లో ఈ హదీస్ పాలల్లో నీళ్ళ వరకే ఆగుతుంది. మీటర్ బోర్డు దాకా రాదు. వస్తే బాగుండు.

సరే, మరమ్మత్తు దగ్గరికి వద్దాం. ఒక జుమా నమాజ్ తర్వాత దోస్తు ఒకాయన నన్ను దబీర్‌పురా పక్కన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్న దుకాణం, ఒక ఉస్తాద్, ఇద్దరు షాగిర్దులు. ఉస్తాద్‌కు అరవై దాటాయి. ఆయన బానెట్ ఎత్తలేదు. చాయ్ చెప్పి, కూచోబెట్టి సవాళ్ళు అడిగాడు. డాక్టర్ నబ్జ్ పట్టినట్టు.

పెట్రోల్ కాంటా, వేడి కాంటా పనిచేస్తున్నాయా? పనిచేస్తున్నాయన్నాను. అయితే ఫ్యూజ్, బోర్డు పవర్ సలామత్. స్పీడ్ కాంటా పడిపోయాక కిలోమీటర్లు పెరిగాయా? పెరగలేదు. పెరిగి ఉంటే గింజలు వస్తున్నట్టు, కాంటా తిప్పే మోటార్ ఒక్కటే ఖరాబ్ అయినట్టు. రెండూ ఆగాయి కాబట్టి గింజలే రావడం లేదు. మొదట పడిపోయిన రోజు ఏమైంది? గుంత సంగతి చెప్పాను. ఆయన షాగిర్దు వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆఖరి సవాల్, అది పోవడానికి ముందు బండికి ఏ పని చేయించారు?

నెల ముందు క్లచ్ ప్లేట్ మార్పించాను. దానికి గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించారు.

ఈ సవాల్ నన్ను నెట్‌లో ఎవరూ అడగలేదు, సెన్సర్ మార్చిన మిస్త్రీ అడగలేదు, నాకు నేను కూడా అడుక్కోలేదు. బండి చెడిపోతే ముందు అడగాల్సింది ఇదే అని ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. చేతులు ఎక్కడ పడ్డాయో ముందు అక్కడ వెతకాలి.

తర్వాత ఉస్తాద్ చిన్న స్కానర్ ఒకటి స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్‌లో చూపించాడు. పి0500 అని కోడ్ వచ్చింది. స్పీడ్ సెన్సర్ ఫిర్యాదు కోడ్ అది. చాలామంది మిస్త్రీలు ఈ కోడ్ చూడగానే సెన్సర్ మార్చేస్తారు. ఉస్తాద్ మాట మాత్రం వేరు. ఫిర్యాదు ఎవరి గురించో కోడ్ చెప్తుంది, ముజ్రిమ్ ఎవరో చెప్పదు. బండిని గల్లీ చివరిదాకా నడిపి చూస్తే ఫోన్‌లో కూడా స్పీడ్ సున్నానే. అంటే ఇంజన్ కంప్యూటర్‌కు కూడా గింజలు అందడం లేదు. కంప్యూటర్‌కు అంది, కాంటాకు అందకపోతే మీటర్ బోర్డు మీదో, దానికి పోయే వైరు మీదో షక్ పడాలి. ఇద్దరికీ అందలేదంటే దారి మొదట్లోనే తెగింది. రెండు వేల బోర్డు కథ అక్కడే ఖతం. ఆ బోర్డు పెట్టినా నా కాంటా లేచేది కాదు. కిలోమీటర్లు తగ్గేవి, అంతే.

షాగిర్దు సెన్సర్ ఊడదీసి అడుగున ప్లాస్టిక్ పళ్ళు చూశాడు. అరగలేదు. కొన్ని బండ్లలో ఈ పళ్ళు రాలిపోతాయి, సెన్సర్ బాగానే ఉన్నా తిప్పేవాడు ఉండడు. తర్వాత ప్లగ్గులో మూడు పిన్నుల దగ్గర మల్టీమీటర్ పెట్టారు. చావి ఆన్ చేస్తే ఒక పిన్నులో 12 వోల్టులు వస్తున్నాయి. ఎర్త్ బాగుంది. మూడో పిన్ను గింజలు పంపే దారి, దాంట్లో కూడా అటువైపు నుంచి కొంత వోల్టేజీ వచ్చి నిలబడాలి. సెన్సర్ దాన్నే లాగుతూ వదులుతూ ఉంటుంది. అక్కడ సున్నా. మీటర్ బోర్డు వెనక చూస్తే మాత్రం వోల్టేజీ ఉంది. మధ్యలో వైరు తెగింది అని యకీన్ అయింది.

కంటికి వైరు సాబూత్‌గా ఉంది. ఎలుక కొరికిన గాట్లు లేవు. మన గల్లీల్లో రాత్రి నిలబెట్టిన బండ్లకు ఆ బలా కూడా చాలా ఎక్కువ. ఉస్తాద్ వైరును ప్లగ్గు నుంచి వేళ్ళతో మెల్లగా నొక్కుతూ, వంచుతూ పోయాడు. నాలుగు అంగుళాల దూరంలో ఒకచోట వంచగానే మల్టీమీటర్ పీక్ పీక్ మంది, వదలగానే ఆగింది. పై ప్లాస్టిక్ సలామత్‌గా ఉంది, లోపల రాగి తీగ తెగి ఉంది. క్లచ్ పని అయ్యాక వైరును పట్టి ఉంచే క్లిప్పు తిరిగి పెట్టలేదు. వైరు బిగుతుగా గేర్‌బాక్స్ బ్రాకెట్ మీద పడి, ప్రతి గుంతకూ గుంజుకుని గుంజుకుని లోపల తెగిపోయింది. ఆ రోజు గుంతలో పడగానే రెండు కొనలు ఒక్క క్షణం ముట్టుకున్నాయి. అందుకే కాంటా లేచింది.

తెగిన ముక్క తీసేసి కొత్త వైరు టాంకా వేసి, గొట్టం కప్పి వేడి చేసి, క్లిప్పు పెట్టారు. ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి చేత్తో తిప్పితే మల్టీమీటర్‌లో వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ కనబడింది. కోడ్ తుడిచేశారు. నల్ల టేప్ పీకేశారు. మొత్తం 350 రూపాయలు. నా 950 రూపాయల సెన్సర్ ఖర్చు ఊరికే పోయింది. పాతది సలామత్‌గా డిక్కీలో ఉంది.

క్లచ్ పని చేసినవాళ్ళ గురించి ఉస్తాద్‌ను అడిగితే ఒక్క మాట అనలేదు. "కారీగర్ సే భూల్ హోతీ" అని ఊరుకున్నాడు. భూల్ వేరు, ధోకా వేరు అని నాకు తోచింది. క్లిప్పు మర్చిపోయినవాడి మీద నాకు కోపం లేదు. నల్ల టేప్ అంటించినవాడి మీద ఉంది.

ఇంటికి వెళ్తూ ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని చూశాను. ఫోన్ అరవై అంటే కాంటా అరవై మూడు చూపిస్తోంది. ఇది ఐబ్ కాదు. కాంటా అసలు స్పీడ్ కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపినా పది శాతం మీద నాలుగు కిలోమీటర్లు దాటకూడదని ఐక్యరాజ్యసమితి 39వ రెగ్యులేషన్ చెప్తుంది. అరవైకి డెబ్బై దాకా చెల్లుతుందన్న మాట. టైర్లు కంపెనీ సైజు కంటే పెద్దవి వేయించుకున్న కుర్రాళ్ళకు మాత్రం ఇది తిరగబడుతుంది. కాంటా తక్కువ చూపిస్తుంది, బండి ఎక్కువ పోతుంది. వాళ్ళు చలాన్ వచ్చాక కెమెరాను తిడతారు.

కాంటా లేచింది సరే. మరి ఐదు నెలలు లెక్కలో రాని కిలోమీటర్లు? మీటర్‌లో 1,12,640 దగ్గరి నుంచే మళ్ళీ మొదలైంది. అది కూడా ఒక అబద్ధమే, చిన్నదైనా. నాకు పెట్రోల్ పోయించినప్పుడల్లా నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ఉంది, అబ్బా దుకాణం నుంచి వచ్చిన అలవాటు. రజబ్ నుంచి జుల్‌ఖదా దాకా 210 లీటర్లు పోయించాను. నా బండి ఊళ్ళో లీటర్‌కు 14 ఇస్తుంది. 2,940. దాదాపు మూడు వేలు.

మీలో ఎవరైనా పాత బండి కొనేవాళ్ళుంటే ఒక మాట. మీటర్ చూసే ముందు పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ నునుపు, డ్రైవర్ సీటు అంచు చూడండి. ఇంజన్ గదిలో ఎక్కడో ఆయిల్ మార్చినప్పటి చీటీ అంటుకుని ఉంటుంది, దాని మీద కిలోమీటర్లు రాసి ఉంటాయి. దల్లాల్‌లు దాన్ని పీకడం మర్చిపోతారు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మీటర్‌లో పాతిక వేలు, టైర్లు మాత్రం బండి కంటే చాలా చిన్నవి అయితే, మొదటి జత ఎందుకు మార్చారో అడగండి. అమెరికాలో 1972లోనే మీటర్ వెనక్కి తిప్పడం మీద ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. మన దగ్గర ఇట్లాంటి ధోకాకు పోలీస్ స్టేషన్ దాకా పోతే, మోసం కింద భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ఉంది. కానీ లక్ష రూపాయల బండి కోసం కోర్టు మెట్లెక్కే ఫుర్సత్ ఎవరికుంది? అది దల్లాల్‌కు బాగా తెలుసు.

బోర్డు మార్చి అమ్మేవాళ్ళందరూ బద్మాష్‌లని నేను అనను. కొందరికి నిజంగా బోర్డు పోతుంది, వాడిందే దొరుకుతుంది. వాళ్ళు పాత బోర్డు అంకెను ఫోటో తీసి పెట్టుకుని, మార్చిన తారీఖు కాగితం మీద రాసి, అమ్మేటప్పుడు చేతికివ్వాలి. దానికి అయ్యే ఖర్చు ఒక తెల్ల కాగితం. ఆ కాగితం అడగని కొనుగోలుదారుడిది కూడా కొంత ఖసూర్ ఉందంటాను, నాతో సహా.

గల్లీ అబ్బాయిని పిలిచి అంతా చెప్పాను. మీటర్ ఆగిన సంగతి, మూడు వేలు కలుపుకోవాలన్న సంగతి, బెల్టు సంగతి. అతను బేరం తెలిసినవాడే, గాజుల దుకాణంలో ఊరికే పని చేయడం లేదు. బెల్టు మార్చాలన్నారు కాబట్టి ఏడు వేలు తగ్గించండి చాచా అన్నాడు. నాకు మొదట కొంచెం మండింది, నిజం చెప్పినందుకు ఇంకా తగ్గించమంటాడా అని. తర్వాత ఆలోచిస్తే వాడు అడిగింది వాజిబే. లక్షా మూడు వేలకు సౌదా అయింది. ఫీజుకు తక్కువ పడింది మా బేగం కమిటీ పైసలు వేసింది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, మూడో రోజు ఆ అబ్బాయి అమ్మీని ముందు సీట్లో కూచోబెట్టుకుని సలాం చేయడానికొస్తే చాయ్ పెట్టింది.

ఫారం 29, 30 సంతకాలయ్యాక అతను ఆ హిసాబ్ కాగితం కూడా రాసిమ్మన్నాడు. తెలుగులో రాసిచ్చాను, అతను చదివింది తెలుగు మీడియం. చదువుకుని, మడిచి, కాసేపాగి, "చాచా, ఇంకోటి ఉర్దూలో కూడా రాయండి. మా అబ్బాకు చూపించాలి" అన్నాడు. రెండోది రాస్తుంటే మీటర్ అంకె ఎంతో మళ్ళీ చూసి రమ్మని పంపాను. కిందికి పోయి చూసి వచ్చాడు. 1,12,911.